మీటరు సరిగ్గానే తిరిగింది, ఖాతాలే తారుమారయ్యాయి: కరెంటు కంపెనీ బిల్లు సవరణ సర్వీసు మీద నా రివ్యూ

రేటింగ్: 5కి 3. ఫీల్డ్ స్టాఫ్‌కి విడిగా ఇవ్వగలిగితే 5 ఇచ్చేవాళ్లం, కస్టమర్ కేర్‌కి 1 కూడా కష్టమే, బిల్లింగ్ సెక్షన్ ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. కంపెనీ పేరు రాయడం లేదు. ఎందుకంటే ఈ తప్పు ఏ కంపెనీలోనైనా జరగగలిగేదే, ఇది చదివేవాళ్లకు పేరుకన్నా పరిష్కారం ఎలా దొరికిందన్నదే పనికొస్తుంది.

సమస్య ఒక్క ముక్కలో చెప్పాలంటే, మా మీటరు సీరియల్ నంబరు పై ఫ్లాట్ వాళ్ల ఖాతాలో, వాళ్ల మీటరు సీరియల్ నంబరు మా ఖాతాలో నమోదయ్యాయి. కొత్తగా మీటర్లు బిగించినప్పుడు ఒకే బోర్డు మీద వరసగా పెడతారు, తర్వాత ఆఫీసులో కూర్చుని ఏ నంబరు ఏ సర్వీసుకో ఎక్కిస్తారు, అక్కడ రెండు వరసలు తారుమారయ్యాయి. అంతే. మీటర్లలో లోపం లేదు, రీడింగ్ తీసేవాళ్లు తప్పు చేయలేదు, వైరింగ్ కూడా సరిగ్గానే ఉంది. వాళ్లు వాడుకున్న కరెంటుకు బిల్లు మేం కట్టాం, మాది వాళ్లు కట్టారు.

ఇలాంటి తప్పు ఎందుకు అంత కాలం బయటపడదో ఆలోచిస్తే బాధేస్తుంది. కరెంటు దొంగతనమైతే ఎప్పటికో ఒకప్పటికి దొరుకుతుంది, ఎందుకంటే లైను మీద పంపిన యూనిట్లకీ బిల్లు వేసిన యూనిట్లకీ లెక్క తేలదు. ఇక్కడ ఆ తేడా రాదు. రెండు ఇళ్ల యూనిట్లు కలిపి చూస్తే మొత్తం కరెక్టే, కంపెనీ లెక్కల్లో ఎక్కడా అనుమానం రాదు. పట్టుకోవాల్సింది ఎక్కువ బిల్లు కడుతున్న ఇంటివాళ్లే, వాళ్లు చెప్తే నమ్మాల్సినవాళ్లేమో ‘వాడకం తగ్గించుకోండి’ అంటారు.

మాకు అనుమానం ఖాయమైంది ఇల్లు తాళం వేసి మెయిన్ స్విచ్ కట్టేసి ఊరెళ్లి వచ్చాక. ఇంట్లో ఒక్క బల్బు కూడా వెలగని ఆ నెల బిల్లు ఎప్పటిలాగే వచ్చింది. అప్పటిదాకా పాత ఫ్రిజ్ ఎక్కువ తాగుతోందేమో, గీజర్‌లో లీకేజీ ఉందేమో, ఎర్తింగ్ పోయిందేమో అని ఒక్కొక్కటీ చూపించుకుంటూ వచ్చాం. ఖాళీ ఇంటికి ఫ్రిజ్‌ని తప్పు పట్టడానికి లేదు కదా.

కస్టమర్ కేర్ గురించి చెప్తాను, ఎందుకంటే ఎక్కువ మంది విసిగిపోయి వదిలేసేది ఇక్కడే. ఫోన్ ఎత్తేవాళ్లు మర్యాదగా మాట్లాడతారు, అందులో పేరు పెట్టడానికి లేదు. కానీ వాళ్ల ముందున్న స్క్రీన్‌లో ‘బిల్లు ఎక్కువ వచ్చింది’ అన్న ఫిర్యాదుకు ఒకే దారి ఉంటుంది: ఇంట్లో ఎంతమంది, ఏసీ ఉందా, గీజర్ ఎంతసేపు వేస్తారు, పోయిన ఏడాది ఇదే నెలలో ఎంత వచ్చింది. పోయిన ఏడాది కూడా తప్పు మీటరుదే కాబట్టి పోల్చి చూస్తే అంతా మామూలుగానే కనిపిస్తుంది. ‘మీ వాడకం స్థిరంగానే ఉంది సార్, తేడా ఏమీ లేదు’ అని ఫిర్యాదు మూసేస్తారు. ప్రతిసారీ కొత్త మనిషి, ప్రతిసారీ మొదటి నుంచి కథ.

ఇంకో విషయం చాలా టెన్షన్ పెట్టింది. మీటరు ఫోటో యాప్‌లో అప్‌లోడ్ చేయమన్నారు. బోర్డు మీద మా ఫ్లాట్ నంబరు రాసి ఉన్న మీటరుకు ఫోటో తీసి పెడితే, యాప్ దాని మీద సీరియల్ నంబరు చదువుకుని ‘ఈ మీటరు మీ ఖాతాకు చెందినది కాదు, సరైన ఫోటో పెట్టండి’ అని తిప్పి పంపింది. మా ఫిర్యాదే అది! దానికి రుజువుగా ఉన్న ఫోటోను, ఆ తప్పు రికార్డుతోనే పోల్చి తిరస్కరించే యాప్‌తో ఎవరైనా ఏం వాదిస్తారు? చివరికి ఆ మెసేజ్‌నే స్క్రీన్‌షాట్ తీసి, ‘మా ఇంటి మీటరు మా ఖాతాలో లేదని మీ యాప్ చెప్తోంది’ అని మెయిల్‌లో పెట్టాం. ఫైలు కదిలింది అక్కడి నుంచే. మీకూ ఆ మెసేజ్ వస్తే చెరిపేయకండి, అంతకన్నా గట్టి ఆధారం దొరకదు.

ఇక్కడ అందరూ తెలుసుకోవాల్సిన మాట ఒకటుంది. కస్టమర్ కేర్ వాళ్లు మీటర్ టెస్టింగ్‌కి దరఖాస్తు పెట్టమంటారు. అది వేరే సమస్యకు మందు. టెస్టింగ్‌లో చూసేది ఆ మీటరు తన గుండా వెళ్లిన కరెంటును సరిగ్గా కొలుస్తోందా లేదా అన్నది మాత్రమే. అది ఎవరి ఇంటి కరెంటు అన్నది ఆ పరీక్షలో తేలదు. మీటరు బాగానే ఉందని రిపోర్ట్ వస్తుంది, చాలాచోట్ల అలా వస్తే టెస్టింగ్ ఫీజు కూడా మనదే, పైగా ‘టెస్ట్ చేశాం, సరిగ్గానే ఉంది’ అని ఫైలు మీద శాశ్వతంగా ఒక ముద్ర పడుతుంది. కాబట్టి ఫిర్యాదులో ‘బిల్లు ఎక్కువ వస్తోంది’ అని మొదలుపెట్టకండి. ‘ఖాతాలో తప్పు మీటరు నంబరు నమోదైంది, సైట్‌కి వచ్చి మీటరు గుర్తింపు తనిఖీ చేయండి’ అని రాతపూర్వకంగా రాయండి. మేం ఈ వాక్యం రాసిన తర్వాతే మనిషిని పంపారు.

ఆ వచ్చిన టెక్నీషియన్ గురించి ఎంత చెప్పినా తక్కువే. ముందు మా మాట పూర్తిగా విన్నాడు. తర్వాత, ‘పై వాళ్లను కూడా పిలవండి, వాళ్లు లేకుండా నేను చేసినా రేపు ఒప్పుకోరు’ అన్నాడు. పై ఫ్లాట్ ఆవిడ కిందికి వచ్చాక మొదలుపెట్టాడు. టార్చి వేసి, దుమ్ము పట్టిన గాజు మీద గుడ్డతో తుడిచి, రెండు మీటర్ల సీరియల్ నంబర్లూ పైకి చదువుతూ కాగితం మీద రాశాడు, మా ఇద్దరి బిల్లులూ పక్కన పెట్టి మమ్మల్నే సరిచూసుకోమన్నాడు. అది చాలదని తనే చెప్పాడు. బోర్డు మీద ఫ్లాట్ నంబరు పెయింటుతో రాసింది ఎవరో తెలియదు, అదే తప్పయి ఉండొచ్చు, లేదా మీటరు నుంచి ఇంటికి వెళ్లే వైర్లే మారి ఉండొచ్చు. బిల్లు మీద నంబరూ మీటరు మీద నంబరూ కలిసినా సరే, ఆ మీటరు నిజంగా మన ఇంటికే కరెంటు ఇస్తోందా అన్నది కట్టేసి చూస్తే తప్ప తేలదు.

అందుకని మా ఇంట్లో మెయిన్ కట్టేయమన్నాడు. మీటరు మీద ఎర్రగా మెరిసే చిన్న లైటు ఉంటుంది చూడండి, దాని పక్కనే ‘ఇంపల్స్ పర్ కిలోవాట్ అవర్’ అని ఒక అంకె ముద్రించి ఉంటుంది. మా బోర్డులో ఉన్నవాటికి అది 3200. అంటే ఆ లైటు 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ అయినట్టు. మెయిన్ కట్టేయగానే ఫ్లాట్ నంబరు రాసి ఉన్న మా మీటరులో మెరుపు ఆగిపోయింది. మా ఖాతాలో ఉన్న నంబరు గల మీటరేమో, మా ఇంట్లో కరెంటే లేకపోయినా, పక్కన మెరుస్తూనే ఉంది. ఆవిడ కూడా వంగి చూశారు. ఎవ్వరం మాట్లాడలేదు.

అక్కడితో ఆపలేదు అతను. మెయిన్ వేయించి మిగతావన్నీ కట్టించి 2000 వాట్ల హీటర్ ఒక్కటే పెట్టమన్నాడు, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని నిమిషం పాటు మెరుపులు లెక్కపెట్టాడు. లెక్క తేలికే: 2000 వాట్లంటే గంటకు 2 యూనిట్లు, 6400 మెరుపులు, నిమిషానికి 107 దాకా రావాలి. దాదాపు అంతే వచ్చాయి. అంటే ఆ మీటరు మా ఇంటిదేనని తేలింది, కొలత కూడా సరిగ్గానే ఉందని తేలింది. ఆ తర్వాత ఇదే పరీక్ష పై ఇంటికీ చేశాడు. ఈ పరీక్ష ఎవరైనా సొంతంగా చేసుకోవచ్చు, మీటరును ముట్టుకోవాల్సిన పనే లేదు, సీలు జోలికి అసలు వెళ్లకూడదు, మీ ఇంట్లో మెయిన్ కట్టేసి బయటి నుంచి చూస్తే చాలు. ఇన్వర్టర్ ఉంటే మెయిన్ కట్టేసినా ఇంట్లో లైట్లు వెలుగుతూనే ఉంటాయి, దాన్ని చూసి గాభరా పడకండి, అది బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు.

వెళ్లేముందు తను రాసిన తనిఖీ రిపోర్ట్‌లో రెండు సీరియల్ నంబర్లు, ఆ రోజు రెండు రీడింగులు, పరీక్ష ఎలా చేశాడో, ఏం కనిపించిందో రాసి రెండు ఇళ్ల వాళ్లతో సంతకాలు పెట్టించి మాకొక కాపీ ఇచ్చాడు. రెండు మీటర్లూ ఒకే ఫ్రేములో వచ్చేలా ఫోటో కూడా తీసుకున్నాడు. ఆ కాగితం లేకపోతే తర్వాత బిల్లింగ్ సెక్షన్‌తో మా పని ఒక్క అడుగు కూడా ముందుకు పడేది కాదు. తనిఖీకి ఎవరు వచ్చినా రిపోర్ట్ కాపీ అడిగి తీసుకోండి. ‘ఆఫీసులో ఎక్కిస్తాం’ అన్న నోటిమాట మీద వదిలేయొద్దు.

బిల్లింగ్ సెక్షన్ తప్పు ఒప్పుకుంది, కానీ డబ్బు దగ్గరకు వచ్చేసరికి మళ్లీ పేచీ. మొదట ఫిర్యాదు పెట్టిన తేదీ నుంచి మాత్రమే సరిచేస్తామన్నారు. తప్పు జరిగింది మీటరు బిగించిన రోజున కదా, ఆ తేదీ, ఆ రోజు పెట్టిన మొదటి రీడింగ్ వాళ్ల రికార్డుల్లోనే ఉంటాయి. అవి బయటికి తీయమని రాశాక ఒప్పుకున్నారు.

రెండో పేచీ ఇంకా సూక్ష్మమైంది, సరిగ్గా చూసుకోకపోతే నష్టపోతాం. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే శ్లాబు పద్ధతి ఉన్నచోట, మన మీద అదనంగా పడిన యూనిట్లన్నీ పై శ్లాబులో ఎక్కువ ధరకు పడి ఉంటాయి. వాళ్లేమో మొత్తం అదనపు యూనిట్లు కూడి, కింది శ్లాబు రేటుతో గుణించి ఇంత వెనక్కిస్తామని లెక్క పంపారు. అది తప్పు. నెల నెలా విడివిడిగా మళ్లీ బిల్లు వేయాలి: ఆ నెలలో మన అసలు మీటరు రీడింగ్ ఎంత, ఆ యూనిట్లకు ఆ నెల రేట్ల ప్రకారం ఎంత పడాలి, మనం ఎంత కట్టాం, తేడా ఎంత. రెండు మీటర్ల రీడింగులూ ప్రతి నెలా తీసినవే కాబట్టి అంచనాలు వేయాల్సిన పనే లేదు, అటుది ఇటు, ఇటుది అటు పెడితే చాలు. యూనిట్ల మీద పడిన పన్ను, పెద్ద బిల్లు కట్టలేక ఆలస్యమైన నెలల్లో వేసిన జరిమానా కూడా అందులోకి రావాలి. మేం ఎక్సెల్‌లో నెలవారీ పట్టిక వేసి పంపాం. బిల్లింగ్ సెక్షన్‌లో ఒకావిడ ఫోన్ చేసి, వరసలు ఒక్కొక్కటీ మాతోపాటు చూసుకుంటూ సరిచేశారు. ఆవిడ ఓపికకు దండం పెట్టాలి.

అన్నింటికన్నా మనసుకు కష్టమనిపించింది పై ఇంటి సంగతి. మాకు డబ్బు వెనక్కి రావడమంటే వాళ్ల మీద బకాయి పడటమే. ఆవిడ తప్పు ఇందులో ఆవగింజంత కూడా లేదు. ‘వచ్చిన బిల్లు వచ్చినట్టు కట్టానండి, ఒక్క నెల కూడా ఆపలేదు, ఇప్పుడు ఇంత ఒక్కసారి కట్టమంటే ఎక్కడి నుంచి తేను?’ అని ఆవిడ అంటుంటే మా దగ్గర జవాబు లేదు. కంపెనీ ఆవిడకు ముందుగా ఒక ఫోన్ కూడా చేయకుండా నేరుగా బకాయి నోటీసు పంపింది. ఈ రివ్యూలో నేను స్టార్లు తగ్గించడానికి పెద్ద కారణం ఇదే. తప్పు తమ ఆఫీసులో జరిగిందని రాతపూర్వకంగా ఒప్పుకున్న సంస్థ, ఆ భారం మోయాల్సిన మనిషికి ఒక వివరణ, ఒక క్షమాపణ, వాయిదాల వెసులుబాటు తనంతట తానే ఇవ్వాలి. ఇవ్వలేదు. ఆవిడతో కలిసి మేమే ఉత్తరం రాశాం: జరిమానా, వడ్డీ లేకుండా వాయిదాల్లో తీసుకోవాలని, ఎంత వెనక్కి వెళ్లి వసూలు చేయవచ్చో నిబంధన చూపించాలని. చాలాచోట్ల పాత బకాయిల వసూలుకు కాలపరిమితి ఉంటుంది, మీ దగ్గర ఎంతో కనుక్కోకుండా మీ పక్కింటివాళ్లను సంతకం పెట్టనివ్వకండి. వాయిదాలు ఇచ్చారు, వడ్డీ తీసేశారు. మేం ముందే వాళ్ల తలుపు తట్టి, కలిసి చూద్దాం రండి అని పిలవడం మంచిదైంది, లేదంటే ఇన్నేళ్ల ఇరుగుపొరుగు బంధం ఒక్క నోటీసుతో పాడయ్యేది.

తప్పు మీటరు మీద ఇంకో ప్రమాదం ఉంది, ఇది ఎవరూ చెప్పరు. బిల్లు కట్టని ఇంటి కరెంటు తీసేయడానికి వచ్చే మనిషి ఖాతాలో ఉన్న మీటరు నంబరు చూసే తీస్తాడు. పైవాళ్లు ఎప్పుడైనా బిల్లు కట్టడం మర్చిపోయి ఉంటే ఆగిపోయేది మా ఇంటి కరెంటు. దూరం నుంచే కట్ చేసే స్మార్ట్ మీటర్లలో అయితే మనిషి కూడా రాడు. స్మార్ట్ మీటరు వస్తే ఇలాంటివి జరగవని కొందరు అనుకుంటున్నారు. రీడింగ్ తనంతట తానే వెళ్తుంది నిజమే, కానీ ఆ మీటరు ఫలానా ఇంటిదని మొదట ఎక్కించేది మనిషే, తర్వాత నెల నెలా మీటరు ముందు నిలబడి చూసేవాళ్లు కూడా ఉండరు.

మాకు జరిగింది నంబర్లు తారుమారవడం. నమోదులో ఇంకా వేరే రకాల తప్పులు కూడా ఉంటాయి, మీ బిల్లు తేడా ఏ ఆకారంలో ఉందో చూస్తే కొంత తెలుస్తుంది. బిల్లు సరిగ్గా పది రెట్లు వస్తోందంటే చాలావరకు దశాంశం తర్వాతి అంకెను కూడా పూర్తి యూనిట్‌గా నమోదు చేశారని అనుమానించాలి. నీళ్ల మీటర్లలో ఎర్ర అంకెలు ఉంటాయి చూశారా, అవి ఘనపు మీటరులో భాగాలు, ఒక ఘనపు మీటరు అంటే 1000 లీటర్లు. గ్యాస్ మీటర్లయితే కొన్ని ఘనపు మీటర్లలో, కొన్ని వంద ఘనపుటడుగుల లెక్కలో తిరుగుతాయి, వంద ఘనపుటడుగులు సుమారు 2.83 ఘనపు మీటర్లు కాబట్టి ఘనపు మీటర్లలో తిరిగేదాన్ని వంద ఘనపుటడుగుల మీటరుగా నమోదు చేస్తే బిల్లు దాదాపు మూడు రెట్లు ఉబ్బుతుంది. పెద్ద లోడు ఉన్న షాపులు, వర్క్‌షాపుల్లో సీటీ మీటర్లుంటాయి (సీటీ అంటే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, పెద్ద కరెంటును మీటరు కొలవగలిగేంత చిన్నదిగా తగ్గించే పరికరం), అక్కడ 100/5 సీటీ అంటే రీడింగ్‌ను 20తో గుణించాలి, ఆ గుణకం తప్పుగా ఎక్కితే ఇక చెప్పనక్కర్లేదు. పగలు ఒక రేటు రాత్రి ఒక రేటు ఉన్నచోట ఆ రెండింటి యూనిట్లను విడిగా లెక్కపెట్టే రెండు రిజిస్టర్లు తారుమారైతే మొత్తం యూనిట్లు సరిపోతాయి, డబ్బు మాత్రం సరిపోదు.

ఫిర్యాదు నడుస్తున్నంత కాలం మేం చేసిన ఒక మంచి పని, బ్యాంకు నుంచి ఆటో పే తీసేయడం. వివాదంలో ఉన్న మొత్తం తనంతట తాను కట్ అయిపోతే మన మాటకు బలం ఉండదు. అలాగని పూర్తిగా కట్టడం మానేయకూడదు. మా అసలు మీటరు రీడింగ్ ప్రకారం ఎంత పడుతుందో అంత కట్టి, మిగతాది వివాదంలో ఉందని, తేలేదాకా కరెంటు తీయవద్దని ప్రతి నెలా మెయిల్ పెట్టాం, ఫిర్యాదు నంబరు వేసి. ఒక్కసారి కూడా కరెంటు తీయలేదు, ఆ విషయంలో కంపెనీని మెచ్చుకోవాలి.

సవరణ అయ్యాక వచ్చిన మొదటి బిల్లు జాగ్రత్తగా చూడండి. సీరియల్ నంబరు మారిందా, ‘గత రీడింగ్’ అన్నచోట మన మీటరుదే ఉందా, లేక కొత్త నంబరు పక్కన పాత మీటరు రీడింగే మిగిలిపోయిందా. మా బిల్లులో సరిగ్గానే వచ్చింది. వెనక్కి రావాల్సిన మొత్తాన్ని ముందు రాబోయే బిల్లుల్లో సర్దుతామన్నారు, అలా అయితే ఎప్పటికి తీరుతుందని అడిగితే బ్యాంకు ఖాతాలో వేశారు. అడిగితేనే వేశారు, కాబట్టి అడగండి.

ఒక్కటి మిగిలింది. సెక్యూరిటీ డిపాజిట్‌ను పాత వాడకం సగటు మీద లెక్కకట్టి మా దగ్గర పెంచుతూ వచ్చారు, ఆ వాడకం మాది కానప్పుడు ఆ డిపాజిట్ కూడా తగ్గాలి కదా. దరఖాస్తు పెట్టాం, పరిశీలనలో ఉందని వచ్చింది. అది తేలితే స్టార్లు మారుస్తాను.